అరకు దారిలో తేదీ లేని ప్యాకెట్లు

అనంతగిరి ఘాట్ పొడుగునా కాఫీ పొడి ప్యాకెట్లే. ‘ఆర్గానిక్’ అని పెద్ద అక్షరాలు, దానికి తగ్గ ధర. గింజ ఎప్పుడు వేపారో మాత్రం ఎక్కడా రాయరు. చికోరీ ఎంత కలిపారో కళ్లు చికిలించి వెతుక్కోవాలి. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరబికా రకం కాఫీని పండిన చోటే ఇలా అమ్ముతుంటే ఒళ్లు మండిపోయింది.

అద్దాల బోగీ, గుహలు, బొంగులో చికెన్ సంగతి అందరికీ తెలిసిందే. నన్ను కట్టిపడేసింది అరకు ఊరి బయట రేకుల షెడ్డులోని చిన్న రోస్టింగ్ యూనిట్. “ముందు పండ్లని నీళ్లల్లో పొయ్యాలండీ, తేలినవి తీసెయ్యాలి” అంటూ మొదలుపెట్టారు నడిపే ఆవిడ. దాదాపు ఆరు కిలోల పండ్లకు కిలో పచ్చి గింజ వస్తుంది. తేమ 10 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. ఎక్కువైతే బూజు పడుతుంది, బాగా తగ్గితే వాసన చచ్చిపోతుంది. మా విశాఖ గాలికి గోనెసంచి సరిపోదు, లోపల గాలి చొరని కవరు ఉండాల్సిందే.

ఐదు కిలోల డ్రమ్ములో నాలుగు కిలోలే పోశారు, అదీ 190 డిగ్రీల దగ్గర. చల్లటి గింజ పడగానే కిందికి దిగిన మీటరు మళ్లీ ఎక్కి 150 చూపేసరికి పచ్చగడ్డి వాసన పోయి రొట్టె కాలుతున్న వాసన వచ్చింది. తొమ్మిదో నిమిషంలో, 196 దగ్గర, గింజలు పగిలే చిటపటలు మొదలయ్యాయి. దానికి కాస్త ముందే గ్యాసు తగ్గించాలి, లేకపోతే వేడి చేయి దాటిపోతుంది. మరీ తగ్గించారా, వేడి ఎక్కడిదక్కడ ఆగిపోయి కాఫీ చప్పబడుతుంది. డ్రమ్ము మొదట్లోనే అతిగా కాలి ఉంటే గింజ మీద నల్లమచ్చలు పడతాయి. చిటపట మొదలైన నిమిషంన్నరకు తలుపు తీసి, గింజను నాలుగు నిమిషాల్లోపే చల్లార్చారు. ఆలస్యమైతే లోపలి వేడికే ఇంకా మాడుతుంది. పాలిపోయి మిగిలినవి సరిగా పండని పండ్ల గింజలు, వాటిని చేత్తో ఏరేస్తారు. పొగగొట్టంలో పేరుకునే పొట్టును ఎప్పటికప్పుడు దులపకపోతే నిప్పంటుకుంటుంది.

తూస్తే 3.4 కిలోలే దిగింది. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పచ్చి గింజ కిలో 700 అనుకుంటే, వేపిన కిలోకు గింజ ఖర్చే 824 రూపాయలు. ఏరేసిన గింజలు, గ్యాసు, కరెంటు, లోపలి గ్యాసును బయటికి వదిలే వాల్వు సంచి, కూలి, కొరియరు అన్నీ ఆ పైనే. అందుకే ఆవిడ ముందు ఆర్డర్లు రాసుకుని, ఆ మేరకే వేపుతారు. వేపి నిల్వ పెట్టిన గింజ నెల దాటితే మంచి కేఫ్ వాళ్లు ముట్టరు.

పావుకిలో 450 రూపాయలు తీసుకున్నారు. ఈ లెక్కంతా చూశాక బేరమాడబుద్ధి కాలేదు. ఫిల్టరుకైతే ఐదు రోజులు, ఎస్ప్రెసోకైతే పది రోజులు ఆగమన్నారు. అప్పటిదాకా గింజ గ్యాసు వదులుతూనే ఉంటుంది. తొందరపడితే పొడి పొంగి, నీళ్లు సమంగా దిగవు. ఇంట్లో గ్రైండరుంటే మాత్రం పొడి కొట్టించకండి, గింజలే తెచ్చుకోండి.