పంచశీల ఎవరి కోసం అన్నా?

పోయిన బుద్ధ పూర్ణిమకి గుంటూరులో మావాళ్ల కార్యక్రమం ఒకటి జరిగింది. చిన్న హాలు, నాలుగు ఫ్యాన్లు, తిరుగుతున్నాయే గానీ గాలి లేదు, మే నెల గుంటూరు ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కదా. త్రిశరణం (బుద్ధుడు, ధర్మం, సంఘం శరణు అనే మూడు మాటలు), పంచశీల (ప్రాణం తియ్యను, దొంగతనం చెయ్యను, తప్పుడు లైంగిక సంబంధం పెట్టుకోను, అబద్ధం ఆడను, మత్తు పుచ్చుకోను అనే ఐదు మాటలు) అందరం కలిసి చదివాం, పులిహోర తిన్నాం, బయటకొచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే ఒక కుర్రాడు, బీటెక్ చదువుతున్నాడంట, పక్కకొచ్చి అడిగాడు. "అన్నా, దేవుడు లేడంటాం, స్వర్గం నరకం మనం పట్టించుకోం, మరి ఈ ఐదూ ఎవరి కోసం అన్నా? తప్పితే అడిగేదెవరు?"

అప్పటికేదో నాలుగు ముక్కలు చెప్పేసి విజయవాడ బస్సెక్కేశా. కానీ మంగళగిరి దాటేదాకా అదే బుర్రలో తిరిగింది, ఎందుకంటే నేను చెప్పింది నాకే నచ్చలేదు. "మంచిగా ఉండటానికి తమ్ముడూ" అన్నా. అదేం జవాబు, మంచిగా ఉండమని వాళ్ల నాయనమ్మ చెప్పలేదా ఏంటి.

అసలు గోల మన తెలుగుతోనే మొదలవుతుంది అనిపిస్తుంది నాకు. పాళీలో, అంటే పాత బౌద్ధ గ్రంథాల భాషలో, ఒక్కో శీలం చివర "వేరమణీ సిక్ఖాపదం సమాదియామి" అని వస్తుంది. ఆ సిక్ఖా అంటే సంస్కృతంలో శిక్ష. శిక్ష అనగానే మనకి కోర్టు, జైలు, చిన్నప్పుడు ఎండలో గోడకుర్చీ వేయించడం గుర్తొస్తాయి, కానీ అక్కడ ఆ మాటకి అర్థం నేర్చుకోవడం, సాధన చెయ్యడం, మనకి ఆ అర్థం 'శిక్షణ' అన్న మాటలో మిగిలిపోయింది అంతే. సమాదియామి అంటే పూనుకుంటున్నాను. అంటే "చంపకు" అని పైనుంచి ఎవడో ఆర్డరు వెయ్యట్లేదు, "ప్రాణం తియ్యకుండా ఉండటం నేర్చుకోడానికి పూనుకుంటున్నా" అని మన నోటితో మనమే అంటున్నాం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నప్పుడు అంబేద్కర్ జనం చేత చెప్పించిన 22 ప్రతిజ్ఞలు కూడా చూడండి, దొంగతనం చెయ్యను, అబద్ధం ఆడను, తాగను అని ఎవరికి వాళ్లు చెప్పుకునే మాటలే. తప్పామనుకోండి, మళ్లీ పూనుకుంటాం, ప్రతి కార్యక్రమంలో మొదట్నించీ చదివేది అందుకే కదా, ఒకసారి చదివితే అయిపోయేదైతే సర్టిఫికెట్టు ఇచ్చి పంపేవాళ్లు.

సరే, మరి దేనికోసం పూనుకోవాలి? ఈ ప్రశ్న ఆ కుర్రాడికంటే ముందు బుద్ధుడి శిష్యుడు ఆనందుడు అడిగాడు, శ్రావస్తిలో, జేతవనంలో, డైరెక్టుగా బుద్ధుణ్ణే. భంతే (స్వామీ), ఈ కుశల శీలాల, అంటే మంచి నడవడికల, ప్రయోజనం ఏంటి అని. బుద్ధుడి ప్రసంగాల సంకలనం ఒకటి, అంగుత్తర నికాయంలో ఉంది. బుద్ధుడు అక్కడ పుణ్యం అనలేదు, స్వర్గం అనలేదు, జనం మెచ్చుకుంటారనీ అనలేదు. "అవిప్పటిసార" అన్నాడు. పండితుల తెలుగులో అయితే పశ్చాత్తాపం లేకపోవడం. మన తెలుగులో చెప్పాలంటే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవాల్సిన పని లేకపోవడం. అది ఉంటే లోపల సంతోషం పుడుతుంది, దాన్నుంచి ప్రీతి, దాన్నుంచి ఒళ్లు తేలికై నెమ్మదించడం, సుఖం, అప్పుడు మనసు ఒకచోట నిలబడటం, నిలబడ్డ మనసుకి ఉన్నది ఉన్నట్టు కనపడటం, అలా విముక్తి దాకా వెళ్తుంది ఆ వరస. దాని తర్వాత వచ్చే సూత్రంలో (బుద్ధుడి ప్రసంగాన్ని అలా అంటారు) ఇంకో మాట ఉంది, అది నాకు ఇంకా ఇష్టం, శీలం ఉన్నవాడు 'నాకు పశ్చాత్తాపం లేకుండా ఉండుగాక' అని కోరుకోనక్కర్లేదంట, అది దానంతటదే వస్తుంది, అది ధర్మత, అంటే సహజంగా జరిగేది, అంటాడు. చెట్టుకి నీళ్లు పోశాక చిగురెయ్యమని మళ్లీ దణ్ణం పెట్టక్కర్లేదు కదా, అలాగన్నమాట.

చదివినప్పుడు బాగానే ఉంది అనుకున్నా, నమ్మింది మాత్రం షాపులో. నేను వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నా. మా లైన్లో నాలుగో శీలం, అదే అబద్ధం ఆడకపోవడం, అంటే నవ్వుతారు. "కొన్న రేటుకే ఇస్తున్నానమ్మా, మాకేం మిగలట్లేదు" అనేది మాకు నమస్కారం లాంటి మాట, అది అబద్ధం అని చెప్పేవాడికీ తెలుసు వినేవాడికీ తెలుసు, కాబట్టి లెక్కలోకి రాదని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. అయితే మైలవరం వైపు నుంచి ఒకావిడ వచ్చేది, ఊళ్లో ఇంటి ముందు గదిలో చీరలు పెట్టుకుని అమ్ముకుంటుంది. ఒక లాట్ రంగు మీద నాకే డౌటు, అయినా ఆమె అడిగితే "గ్యారంటీ అమ్మా, రంగు పోదు" అనేశా. పోయింది. రెండు వారాల తర్వాత వచ్చింది, గొడవ చెయ్యలేదు, అరిస్తే నేనూ అరిచేవాణ్ణి, సరిపోయేది, "మీరు చెప్పారని తీసుకెళ్లా అన్నయ్యా" అంది అంతే. ఓనరుతో మాట్లాడి సగం చీరలు వెనక్కి తీసుకునేలా చేశా, అది వేరే సంగతి. ఆ రాత్రి అలవాటుగా కళ్లు మూసుకుని కూర్చుంటే పది నిమిషాలు కుదరలా. శ్వాస మీద పెట్టిన మనసు ఆ 'అన్నయ్యా' మీదకి పోతుంది. లాక్కొచ్చి పెడితే మళ్లీ అక్కడికే. వారం రోజులు అదే వరస.

అప్పుడు అర్థమైంది విపశ్యన ధ్యానం పది రోజుల కోర్సులో మొదటి రోజే శీలాలు ఎందుకు తీసుకోమంటారో, నాగార్జునసాగర్‌లో నేను చేసినప్పుడు అదేదో ఫార్మాలిటీ అనుకున్నా, రిజిస్టర్లో సంతకం లాగా. కొత్తవాళ్లకి ఐదు, పాతవాళ్లకి ఎనిమిది. అవి లేకుండా కూర్చుంటే కూర్చున్నట్టు ఉండదు, తవుడు బస్తా మీద గోడ కట్టినట్టు ఉంటుంది.

కొందరంటారు, ధ్యానం, సమాధి ఇవన్నీ భిక్షువుల వ్యవహారం, 227 నియమాలు పాటించేది వాళ్లు, పెళ్లాం పిల్లలు ఉన్నవాళ్లం మనకి ఐదు చాలు, అవి కూడా చూసీ చూడనట్టు పోతే చాలు అని. వీళ్లకి నేను చెప్పేది ఒకసారి అమరావతి వెళ్లి రమ్మని. ఆ స్తూపానికి పలకలు ఇచ్చిందంతా రాజులేం కాదు. విధికుడు అనే చర్మకారుడు పూర్ణఘటం (నిండు కలశం) చెక్కిన పలక ఇచ్చి తన పేరుతో పాటు అమ్మ, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, ఇంటిల్లిపాదినీ శాసనంలో చేర్చాడు. (ఇప్పుడు మన రాష్ట్ర చిహ్నంలో ఉన్నదీ అమరావతి పూర్ణఘటమే, గవర్నమెంటు కాగితం చూసినప్పుడల్లా నాకు విధికుడు గుర్తొస్తాడు.) తోలు పని చేసుకుంటూ, బేరాలు ఆడుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉన్న మనిషి, ఆయనకీ ఆయన రకం నాలుగో శీలం ఇబ్బంది ఉండే ఉంటుంది, తోలు మన్నుతుందా అని ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

ఇదంతా మన మనసు కోసం అయితే స్వార్థమే కదా అనొచ్చు. కాదు, దీనికి రెండో వైపు ఉంది. అంగుత్తర నికాయంలోనే ఇంకోచోట ఈ ఐదింటినీ మహాదానాలు అన్నాడు బుద్ధుడు. శీలం పాటించేవాడు లెక్కలేనన్ని ప్రాణులకి అభయం ఇస్తున్నాడు, ఇచ్చి తనూ అందులో వాటా పొందుతున్నాడు అని. దానం అంటే జేబులోంచి తీసేదే అనుకుంటాం మనం. ఇంటాయన తాగి రాడని తెలిసిన ఇల్లాలు రాత్రి తొమ్మిదింటికి గేటు చప్పుడైతే ఉలిక్కిపడకుండా ఉంటుంది చూడండి, అదీ దానం. మా వీధిలో ఉలిక్కిపడే ఇళ్లు ఏవో నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా.

ఇక దోమలు. ఈ టాపిక్ రాకుండా మా ఇంట్లో పంచశీల మాట రాదు. కాలవల ఊరు మాది, సాయంత్రం ఆరైతే తలుపులు వేసుకోవాల్సిందే. మా ఆవిడ దోమల బ్యాటు పట్టుకుని టపటపలాడిస్తూ "మీ బుద్ధుడు బెజవాడలో ఉంటే తెలిసేదండీ" అంటది. నవ్వొచ్చినా మాట నిజమే, పాపకి ఒకసారి డెంగ్యూ వచ్చింది, శీలం అని చూస్తూ కూర్చోలేం. అంబేద్కర్ ఇక్కడ నాకు పనికొచ్చాడు. అహింస గురించి రాస్తూ ఆయన, బుద్ధుడు దాన్ని రూల్‌గా పెట్టలేదు, సూత్రంగా పెట్టాడు అంటాడు, సూత్రం అయితే ఆలోచించి నడుచుకునే స్వేచ్ఛ ఇస్తుంది, రూల్ ఇవ్వదు. చంపాల్సిన అవసరం వేరు, చంపాలన్న కోరిక వేరు అని కూడా. సో ఇప్పుడు కిటికీలకి మెష్ కొట్టించా, మంచానికి తెర కట్టా, బ్యాటు అటక మీదకి పోలేదు గానీ టపటప తగ్గింది. ఆ చప్పుడు విని పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు, అదే నాకు దోమ చావడం కన్నా ఎక్కువ ఇబ్బందిగా ఉండేది.

దోమల దగ్గర తేలినంత ఈజీగా మా బావమరిది దగ్గర తేలదు. గుంటూరు పక్క ఊళ్లో పురుగుమందుల షాపు వాడిది. ఉపాసకుడు, అంటే ఇల్లూ వాకిలీ ఉన్న బౌద్ధుడు, చెయ్యకూడని ఐదు వ్యాపారాల్లో విషం అమ్మడం ఉంది, ఆయుధాలు, మనుషులు, మాంసం, మత్తు, విషం. నేనోసారి తెలివిగా ఈ లిస్టు చదివి వినిపిస్తే వాడు "2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు నువ్వు మా మిరప చేలు చూశావా బావా, మందు అమ్మకపోతే రైతు బతుకుతాడా" అన్నాడు. మందు కొట్టినా చేలు పోయాయి ఆ ఏడు, ఆ సంగతి వాడికీ తెలుసు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

కానీ వాడి షాపులో కుర్రాడు ఒక విషయం చెప్పాడు మొన్న. పొద్దుపోయాక ఒక్కడే వచ్చి, ఏ పంటకి, ఎన్ని ఎకరాలకి అంటే నీళ్లు నమిలే మనిషికి మావాడు డబ్బా ఇవ్వడంట. స్టాకు లేదనడంట, అదీ అబద్ధమే కదా. కుర్చీ వేసి కూర్చోపెట్టి, టీ తెప్పించి, ఇంటికి ఫోన్ చేసి ఎవరో ఒకరు వచ్చేదాకా షట్టర్ దించడంట. ఎన్నేళ్ల నుంచో ఇదే పద్ధతి. మా అక్కచెల్లెళ్లకి గానీ మా ఆవిడకి గానీ ఈ ముక్క తెలీదు, వాడు ఎక్కడా చెప్పుకోలా.

ఆదివారం కలిస్తే, ఒరే నువ్వు కూడా వచ్చి పంచశీల తీసుకోరా అన్నా. "ముందు నువ్వు షాపులో చీర రేటు సరిగ్గా చెప్పు బావా, తర్వాత చూద్దాం" అన్నాడు.