పూసల్లో అమ్మ: పిల్లలకి బైనరీ

పిల్లలకి బైనరీ, అంటే ఒకట్లు, సున్నాలతోనే అంకెలు రాసే పద్ధతి, నేర్పాలంటే ముందు కంప్యూటర్ ఊసే ఎత్తకండి. మూలన పడున్న పాత శుభలేఖలు తీయండి, అట్ట మందంగా ఉంటుంది. ఏడు కార్డులు కత్తిరించి, వాటి మీద బొట్టు బిళ్లలు అంటించమనండి: మొదటిదాని మీద ఒకటి, తర్వాత రెండు, ఆపైన 4, 8, 16, 32, 64. పదహారు దాకా హుషారుగానే అంటిస్తారు. 32 దగ్గర మూలుగుడు మొదలవుతుంది, 64కి వచ్చేసరికి కార్డు మీద చోటు చాలక, ప్యాకెట్లు ఖాళీ అయిపోయి, "ఆంటీ, ఇంకా ఎన్ని?" అని ఒకటే గోల. ఆ గోలే మనకి కావాల్సింది. రెట్టింపు అవడం అంటే ఏంటో బోర్డు మీద రాస్తే బుర్రకెక్కదు, వేళ్లు నొప్పెడితే ఎక్కుతుంది.

ఇప్పుడు పెద్ద కార్డు ఎడమవైపు వచ్చేలా వరసగా పేర్చి, సరిగ్గా 21 చుక్కలు కనపడేలా చెయ్యమనండి, మిగతావి బోర్లించాలి. 16, 4, 1 తెరిచి ఉంటాయి. తెరిచింది ఒకటి, బోర్లించింది సున్నా, అంటే 0010101. ఇంకో రకంగా 21 చెయ్యండి చూద్దాం అని పందెం కడితే కాసేపు కుస్తీ పడతారు గానీ కుదరదు. ఈ చుక్కల కార్డుల ఆట న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీ వాళ్లు కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ సైన్స్ నేర్పడానికి పెట్టిన సీఎస్ అన్‌ప్లగ్డ్‌లో ఉంది, అక్కడ ఐదు కార్డులే.

నాకు ఏడు ఎందుకంటే తెలుగు కోసం. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకి 0 నుంచి 127 దాకా 128 గళ్లు ఇచ్చారు, ఏడు కార్డులకి అతికినట్టు సరిపోతాయి. ఇందాక పేర్చిన 21 ఉంది చూశారూ, అది 'క'. (అసలు నంబరు కావాలంటే 3072 కలపాలి, చిన్నపిల్లలకి అదంతా అక్కర్లేదు.)

ఇక పూసలు. నీలం పూస అంటే ఒకటి, తెల్లపూస అంటే సున్నా, ఒక్కో నంబరుకి ఏడు పూసలు. 'అమ్మ' గుచ్చమంటే రెండక్షరాలే కదా, పద్నాలుగు చాలనుకుంటారు. కావాల్సినవి 28! అ 5, మ 46, పొల్లు 77, మళ్లీ మ 46. ఒత్తులకి విడిగా గడి లేదు, మ పక్కన పొల్లు, దాని పక్కన ఇంకో మ, అంతే. ఒత్తులన్నీ వేరే అక్షరాల్లా బట్టీ పట్టిన పిల్లలు ఇక్కడ కాసేపు ఆగిపోతారు, తొందరపెట్టకండి.

ముందొచ్చే తెల్లపూసలకి విలువ లేదు కదా అని కొందరు ఎగ్గొడతారు. అలా చేస్తే ఏడేసి లెక్కపెట్టి చదవడం కుదరదు. చేతికి కట్టుకునేదైతే మొదలెక్కడో తెలియాలి కాబట్టి ముందు ఒక ఎర్రపూస గుచ్చించండి.

నంబర్ల చార్టు గోడకి అంటించండి. న 40, ప 42, మరి 41 ఏది అని ఎవరో ఒకరు అడుగుతారు. మన దేశపు లిపులు చాలావాటికి ఒకే వరస పెట్టారు, ఆ చోట తమిళానికి ఇంకో న ఉంది, మనకి లేదు, అందుకే ఖాళీ. మా దగ్గర ఇద్దరు గడుగ్గాయిలు మాత్రం ఆ 0101001నే గుచ్చుకుని తమ సీక్రెట్ కోడ్ అంటూ తిరుగుతున్నారు.