కత్తెర ఇంకా షెడ్‌లోనే ఉంది

టెక్సస్‌లో డాలస్ దగ్గర, మా ఫ్రిస్కో ఇంటి పెరట్లో ఒక పీచ్, ఒక అంజూర, రెండు దానిమ్మలు ఉన్నాయి. జనవరిలో నాలుగు రోజులు ఎండ కాసిందంటే నా చేతులు ఊరుకోవు. 2021లో అలాగే ఓ శనివారం పీచ్ చెట్టు నడిమి కొమ్మలన్నీ తీసేసి గిన్నెలా చేశాను. దానిమ్మలనూ వదల్లేదు.

ఫిబ్రవరి 16 తెల్లవారుజామున డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్. మన సెల్సియస్ లెక్కలో మైనస్ 19. కరెంటు లేదు. నలుగురం ఒకే గదిలో, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాం.

నాన్నది నూజివీడు దగ్గర మామిడి తోట. వీడియో కాల్‌లో పెరడు చూపిస్తే ఒకటే అడిగారు. "అమ్మాయ్, కొమ్మ కోశావంటే చెట్టును నిద్ర లేపినట్టే. మేం కాపు దిగాక, జూన్ జూలైల్లో కోస్తాం, వెనకాలే వానలుంటాయి గనక. నువ్వు లేపి దేనికి అప్పగించావు?"

అంత చలికి కోయని దానిమ్మ కూడా దెబ్బతినేదే, నిజమే. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మంచు కరిగిన వారానికే వీధంతా ఎండిన కొమ్మలు కోసి కుప్పలు పోశారు. నాన్న మాత్రం ఆగమన్నారు, ఆగాను. ఏప్రిల్‌లో దానిమ్మ కొమ్మను కొస నుంచి కిందికి జానెడుకోచోట గోటితో గీకుతూ వచ్చాను. కొసన బెరడు కింద పొడి, చెక్కరంగు. నడుమెత్తులోనూ అంతే. మోకాలి దగ్గర గోటికి తడి తగిలింది, లోపల పెసరపొట్టు పచ్చ. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ పచ్చకు కాస్త పైనే కోశాను, అంతకుముందే కోసి ఉంటే ఎక్కడ కోసేదాన్నో!

అంజూర పైకంతా పోయింది. నెలాఖరుకి మొదట్లోంచి మూడు చిగుళ్లు వచ్చాయి. అది సొంత వేరు మీద పెరిగిన మొక్క కాబట్టి అదే అంజూర తిరిగొచ్చింది. అంటు చెట్టుకి అంటు కింది నుంచి చిగురిస్తే వచ్చేది వేరే చెట్టు, పీచ్ ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పీచ్ మొగ్గకి కావలసినంత చలి అందాక వెచ్చదనం తగిలితే ఉబ్బుతుంది. పువ్వు విచ్చాక 27 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పదోవంతు పోతాయి, 24కి పదింట తొమ్మిది. ఇక్కడ మార్చి మధ్యదాకా ఆ భయం ఉంటుంది. అందుకే ఇప్పుడు మొగ్గ గులాబీరంగు తేలేదాకా కత్తెర ముట్టను. ఆలస్యంగా కోస్తే ఇంకో లాభం, ఏ మొగ్గ బతికిందో చూసుకుని కోయొచ్చు.

ముందు వాకిట్లో ఓక్ ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క పెట్టుకోకండి. టెక్సస్‌లో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్‌ను కోయకూడదు. పచ్చి గాయం వాసనకి వచ్చే చిన్న పురుగులు ఓక్ చెట్లను ఎండబెట్టి చంపే ఓక్ విల్ట్ అనే తెగులు బూజును మోసుకొస్తాయి. ఎప్పుడు కోసినా వెంటనే గాయానికి పెయింటు పూయండి.

ఇవాళ బయట 78. గురువారం రాత్రికి 26 అంటున్నారు. సాయంత్రం మా చిన్నది పెరట్లోంచి కేకేసింది, "అమ్మా, ఒక మొగ్గ పింక్ అయింది!" వెళ్లి చూశాను. ఒకటి కాదు, ఐదు. కత్తెరకి నూనె రాసి మళ్లీ షెడ్‌లోనే పెట్టాను. పాత దుప్పట్లు మాత్రం బయటికి తీశాను.