సిమిలిపాల్‌లో నల్లపులి బేరం

బాలాసోర్‌లో రైలు దిగి బారిపద చేరేదాకా చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. చిరాకంతా జీపు దగ్గర మొదలైంది. ఒడిశాలోని సిమిలిపాల్ పులుల అడవిలోకి వెళ్లాలంటే జీపు మొత్తం మాట్లాడుకోవాలట. ఒక్కడినే అన్నా ధర తగ్గలేదు. ఆ డబ్బుతో అరకులో హాయిగా రెండు రోజులు గడిపి రావచ్చు.

పులి కాదు కదా, పులి తోక కూడా కనబడలేదు. నల్లపులి బొమ్మలు మాత్రం ఊరంతా ఉన్నాయి, మా ఘనత చూడండి అన్నట్టుగా. నాకు మింగుడుపడనిది అదే. ఈ అడవికి చుట్టుపక్కల పులులున్న అడవి లేదు. ఉన్న కొద్ది పులులే తరతరాలుగా తమలో తాము జతకట్టాయి. వాటి జన్యువుల్లో ట్యాక్‌పెప్ అనేదానిలో ఒక్క డీఎన్ఏ అక్షరం మారిందని బెంగళూరులో శాస్త్రవేత్త ఉమా రామకృష్ణన్ బృందం 2021లో తేల్చింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ మార్పే అందిన కూనకు చారలు వెడల్పై, ఒకదానిలో ఒకటి కలిసి ఒళ్లు నల్లబడుతుంది. 2024 లెక్కలో ఇక్కడి ఎదిగిన పులులు 27, వాటిలో నల్లవి 13!

మన మేనరికాల సంగతే ఇది. మా అమ్మమ్మను సొంత మేనమామకే ఇచ్చారు. కడుపుతో ఉన్న పిల్లను డాక్టరమ్మ "మేనరికమా?" అని ఎందుకు అడుగుతుందో తెలిసినవాళ్లకు ఆ బొమ్మలు ముచ్చటగొలపవు. రంగైతే పైకి కనబడుతుంది, అదే దారిన పేరుకునే లోపాలు కనబడవు.

మధ్యాహ్నం రోడ్డు పక్కన ముఢీ మాంసం తిన్నాం. సాలాకు దొన్నెలో మరమరాలు, పైన మసాలా ఘాటు నషాళానికంటే మేకమాంసం పులుసు. మరమరాలు మెత్తబడకముందే తినేయాలని డ్రైవర్ తొందరపెట్టాడు. తింటూనే జీనత్ కథ ఎత్తుకున్నాడు. కొత్త నెత్తురు కోసం 2024 చివర్లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే ఆడపులుల్ని తెచ్చి వదిలారు. జీనత్ ఇక్కడ కుదురుకోకుండా జార్ఖండ్ మీదుగా బెంగాల్‌లోని బాంకురా దాకా నడిచిపోతే, మత్తుమందు ఇచ్చి పట్టుకురావాల్సి వచ్చింది.

"దానికి పుట్టే కూనలు నల్లగా ఉంటాయా బాబూ?"

"తల్లిలో ఆ మార్పు లేకపోతే ఉండవు. మామూలు చారలవే పుడతాయి."

అతని నవ్వు ఆగిపోయింది. "అయితే మా జీపులు ఎవరెక్కుతారు?"

"ధర తగ్గిస్తే మేమే ఎక్కుతాం, భాయి" అన్నాను. వినబడనట్టు ఇంకో దొన్నె తెప్పించుకున్నాడు, నా లెక్కలోనే.