పొట్టలో దాచిన ఎముక

నా పుర్రె ఎముకలో అరచేతికన్నా పెద్ద ముక్క ఒకటి మూడు నెలలు నా పొట్ట చర్మం కింద ఉంది. పాడవకుండా డాక్టర్లు అక్కడ దాచారు. ఒళ్లు తుడిచేటప్పుడు మా ఆవిడ చెయ్యి దానికి తగిలితే ఒక్క క్షణం ఆగిపోయేది.

అప్పుడు నాకు 46 ఏళ్లు. బీపీ మాత్రలు రాసిచ్చినా రోజూ వేసుకునేవాణ్ణి కాదు. ఒకరోజు తెల్లవారుజామున మంచం దిగబోయి పడిపోయాను. ఎడమ కాలూ చెయ్యీ కదల్లేదు, మూతి వంకర పోయింది. పక్షవాతం వచ్చిన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఒకటి ఉంటుంది, రక్తపు గడ్డను కరిగించేది. నిద్రలో ఎప్పుడు వచ్చిందో తెలియదు కాబట్టి ఇవ్వలేమన్నారు. మెదడు కుడివైపు పెద్ద రక్తనాళం మూసుకుపోయింది. అయినా ఆ రోజంతా మాట్లాడుతూనే ఉన్నానట. గండం గడిచిందనుకున్నారు మావాళ్లు.

మర్నాడు మధ్యాహ్నానికి పిలిస్తే పలకడం మానేశాను. మెదడులో చచ్చుబడిన భాగం వాచి, పుర్రెలో చోటు చాలక, బాగున్న మెదడును కూడా నొక్కేస్తోందని స్కాన్‌లో తేలింది. వాపు తగ్గడానికి మందు ఎక్కించినా ఆగలేదు.

"కుడివైపు ఎముక తీసి వాపుకు చోటివ్వాలమ్మా. ప్రాణం నిలబడే అవకాశం బాగా పెరుగుతుంది. చెయ్యి మళ్లీ పనిచేస్తుందని మాత్రం మాట ఇవ్వలేను" అన్నారట డాక్టరు. ఆశపెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను. 2007లో యూరప్‌లో మూడు పరిశోధనల ఫలితాలు కలిపి చూశారు. 60 ఏళ్ల లోపు వాళ్లకు రెండు రోజుల్లో ఈ ఆపరేషన్ చేస్తే వందకు 78 మంది ఏడాది తర్వాత బతికున్నారు, మందులతోనే ఉంచితే 29 మంది. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. ఆ రాత్రి మా ఆవిడ చేతిలో ఉన్నది ఒక కాగితం, ఒక పెన్ను. మా అన్నయ్య వచ్చేదాకా ఆగమన్నారు పెద్దవాళ్లు. ఆమె ఆగలేదు.

తెలివి వచ్చేసరికి తలకట్టు మీద "ఎముక లేదు" అని రాసిన ప్లాస్టర్ ఉంది, ఎవరూ ఆ పక్కకు తిప్పి పడుకోబెట్టకుండా.

ఇంటికొచ్చాక నాకు ఎడమవైపు అనేది ఒకటుందన్న ధ్యాసే లేదు. కళ్లు బాగానే ఉన్నాయి, మెదడే అటు చూడనిచ్చేది కాదు. పళ్లెంలో కుడివైపున్న పప్పన్నం తినేసి, "కూర వెయ్యలేదేం?" అని కసిరేవాణ్ణి. ఆమె ఏమీ అనకుండా పళ్లెం తిప్పేది. అప్పుడు కనపడేది బెండకాయ వేపుడు. ఎన్నిసార్లు కసిరానో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మూడు నెలలకు ఎముక తిరిగి పెట్టారు. ఫిజియోథెరపీతో కర్ర పట్టుకుని నడుస్తున్నాను. ఎడమ పిడికిలి విప్పుకోలేదు, ఫిట్స్ మాత్రలు వాడుతున్నాను. బీపీ మాత్ర ఒక్క రోజూ మానలేదు.

"ఆ రోజు సంతకం పెట్టి మిమ్మల్ని కష్టాలపాలు చేశానేమోనండీ" అంది ఒకసారి, గుండీలు పెడుతూ. గొంతు పూడుకుపోయి జవాబు చెప్పలేకపోయాను.

ఈ మార్చిలో మా అమ్మాయి ఇంటర్ పరీక్షలకు ఆటోలో తోడు వెళ్లింది నేనే. సెంటర్ బయట వేపచెట్టు కింద మూడు గంటలూ కూర్చున్నాను. గేటు తీయగానే పిల్ల నాకోసం వెతుక్కుంటూ వచ్చింది.