గాలివానకూ పిడుగుకూ ఒకే మార్కు

పద్మనాభం మండలంలో గోస్తని నది పక్క ఊళ్లకు విపత్తుల ముప్పు అంచనా వేసే పని నాకు అప్పగించినప్పుడు చేతికొచ్చినవి ఒక ఫార్మాట్, కొన్ని పాత ఫైళ్లు. ఆ ఫైళ్లన్నీ ఉమ్మడి విశాఖ జిల్లావి. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలై పాడేరు కొండలు అల్లూరి జిల్లాకు, శారద, వరాహ నదులు అనకాపల్లికి పోయాయి. ఏజెన్సీ కొండచరియలు కలిసిన పాత సగటు అంకెలు మా మండలానికి ఏం పనికొస్తాయి? వాటిని పక్కన పెట్టి ఊళ్ల నుంచే మొదలుపెట్టాను.

ఫార్మాట్ లెక్క తేలిక. ఒక్కో విపత్తు వచ్చే అవకాశానికి 1 నుంచి 5 దాకా మార్కు, జరిగే నష్టానికీ అలాగే. రెండూ గుణిస్తే ముప్పు. భూకంపం గడి తొందరగా నిండింది; ఇన్నాళ్లుగా వాడుతున్న పటంలో విశాఖది రెండో జోన్. మా మండలానికి సముద్రతీరం లేదు కాబట్టి ఉప్పెన భీమిలి వాళ్ల లెక్కలోకి పోతుంది.

ఊళ్లోకి వెళ్లి ముప్పు ఏమిటని అడిగితే అందరి నోటా ఒకే మాట: హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలిని చూసినవాళ్లు ఇంకేం చెప్తారు! రేకులు, తాటిచెట్లు, జీడితోటలు, రోజుల తరబడి కరెంటు లేకపోవడం... కథలు వినడానికే పూటలు పట్టాయి. ఏటి గట్టు దగ్గర ఒక మామ్మ మాత్రం విసుక్కుంది. "గాలికి ఇల్లెగిరిపోనాది గానీ బాబూ, మమ్మల్ని ముందే బడిలోకి తోలీసినారు. ఏరొచ్చినప్పుడు మాకెవులు సెప్పినారు?"

నాకు అసలు ప్రశ్న అక్కడ దొరికింది. హుద్‌హుద్ లాంటి తుపానుకు అవకాశం 1, నష్టం 5. పిడుగుకు అవకాశం 5, మండలం మొత్తం మీద చూస్తే నష్టం 1. గుణిస్తే రెండూ 5 దగ్గరే ఆగుతాయి. కాగితం మీద సమానం. కానీ తుపాను సంగతి వాతావరణ శాఖ 72 గంటల ముందే చెప్పడం మొదలుపెడుతుంది. పిడుగుకు దొరికేది నిమిషాలే. విపత్తుల సంస్థ మెసేజ్ పంపినా, దామిని యాప్ మోగినా, నాట్లు వేసే ఆడవాళ్ల ఫోన్లు గట్టు మీద క్యారేజీ సంచుల్లో ఉంటాయి.

గోస్తని వరదది ఈ రెంటికీ మధ్యరకం. తాటిపూడి జలాశయం ఉన్నది విజయనగరం జిల్లాలో, గేట్లెత్తితే నీళ్లొచ్చేది మా వైపు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను ఎక్కడో కళింగపట్నం దగ్గర తీరం దాటినా విశాఖలో ఒక్కరోజే 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కాబట్టి తుపాను మన మీదికి రావడం లేదని ఊపిరి పీల్చుకోవడానికి లేదు.

అందుకే ఫార్మాట్‌లో లేని గడి ఒకటి కలిపాను: కబురు అందిన తర్వాత ఎంత టైము ఉంటుంది? దాని పక్కనే ఇంకొకటి: ఆ కబురు ఎవరికి చేరదు? మొదటిది ఆఫీసులో కూర్చునైనా నింపొచ్చు. రెండోదానికి మాత్రం మళ్లీ ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. మంచం దిగలేని ముసలివాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్ల సంగతి ఆశా కార్యకర్త దగ్గర దొరికింది. రాత్రి కళ్లాల్లో, గొడ్లశాలల్లో పడుకునే మగవాళ్ల లెక్క మాత్రం ఏ రికార్డులోనూ లేదు, టీ కొట్టు దగ్గర తేలింది.

పైఅధికారి చూసి, "ఫార్మాట్ మారిస్తే పక్క మండలాలతో ఎలా కలుపుతామయ్యా?" అన్నారు. ఆయన మాటా నిజమే. చివరికి గుణకారం పట్టిక ఉన్నదున్నట్టు పంపి, నా రెండు గడులనూ అనుబంధంగా జత చేశాం. గేట్లెత్తే ముందు ఫోన్ చేయాల్సిన వాళ్ల జాబితా ఊరూరికీ తయారైంది. అందులో గ్రామ సచివాలయం నంబరుతో పాటు ఏటి గట్టున ఉండే ఇద్దరివి చేర్చాం, అర్ధరాత్రి ఆఫీసులో ఫోనెత్తేవాళ్లు ఉండరు గనక. పిడుగు గడి ఎదురుగా "గుడి మైకు" అని రాశాను. కరెంటు పోతే అదీ పలకదు. బ్యాటరీ కావాలని విడిగా అర్జీ పెట్టాం.