పాజ్ చెయ్యకమ్మా

ఆ గురువారం ఇంట్లో అందరం ఉన్నాం. డాలస్ చుట్టుపక్కల మూడు రోజులుగా మంచువాన. రోడ్లు అద్దంలా గడ్డకట్టాయని బడులు మూసేశారు. నేను వంటింట్లో లాప్‌టాప్ తెరిచి ఆఫీసు పని చేస్తున్నట్టు కూర్చున్నాను. మధ్యాహ్నం నుంచి ఫోన్ ఒకటే మోత. ముందు మా తోడికోడలు, తర్వాత కాలేజీ స్నేహితులు, ఆ తర్వాత ఉన్న గ్రూపులన్నీ. సినిమా దర్శకుడు కె. విశ్వనాథ్ గారు పోయారు. 2023 ఫిబ్రవరి 2. ఆయన తీసిన శంకరాభరణం విడుదలైంది కూడా 1980లో ఇదే తేదీన అని కాసేపటికి ఎవరో గుర్తుచేశారు. ఇక ఆ రాత్రి మాకు తెలిసిన తెలుగిళ్ళన్నిట్లో శంకరాభరణమే. నేను మాత్రం ఆయనదే సాగరసంగమం పెట్టాను.

నిజం చెప్పాలంటే విశ్వనాథ్ గారి మీద భక్తి కన్నా నా స్వార్థం ఎక్కువ అందులో. మా పెద్దదానికి అప్పుడు పద్నాలుగేళ్ళు. ఆరో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. "నేర్చుకుంటోంది" అని నేనంటాను, "నువ్వు తీసుకెళ్తున్నావు" అని అదంటుంది. టీచర్ గారి గరాజ్‌లో శనివారం పొద్దున తొమ్మిదింటికి క్లాసు. బయట కార్లలో మేం అమ్మలం కాఫీలు తాగుతూ ఉంటాం, లోపల కర్రతో పలక మీద తాళం వినిపిస్తూ ఉంటుంది. క్రిస్మస్ సెలవుల తర్వాత నుంచి ఇది మానేస్తానంటోంది. దానికో కారణం ఉంది. ఉగాది కార్యక్రమానికి తరంగం నేర్చుకున్నారు పిల్లలు. పళ్ళెం అంచు మీద నిలబడి ఆడటం అంటే నెలల సాధన. తీరా చూస్తే నిర్వాహకులు (ఏ ఊరు, ఎవరు అన్నది ఎందుకులెండి) మీకు నాలుగు నిమిషాలే, అందులో ఒక నిమిషం సినిమా మెడ్లీ కలిపితే జనానికి బావుంటుంది అన్నారు. ఇది ఇంటికొచ్చి గజ్జెల సంచి సోఫా కింద తోసేసింది. సినిమా చూపిస్తే ఆ సంచి బయటికొస్తుందని నా ప్లాను.

మొదలుపెట్టిన పది నిమిషాలకే అది ఫోన్ పక్కన పెట్టింది. కమల్‌హాసన్ వేసిన ముసలి బాలు, తాగుబోతు, పత్రికలో నాట్యం మీద విమర్శలు రాస్తుంటాడు. శైలజ అనే అమ్మాయి ప్రోగ్రాం బాలేదని మొహమాటం లేకుండా రాసేస్తాడు. ఎందుకలా రాశావని అడిగితే ఆ పాటలోని పాదాన్ని ఎలా ఆడాలో పత్రికాఫీసులోనే ఆడి చూపిస్తాడు. అప్పటికి కమల్‌హాసన్‌కి ఇంకా ముప్పై నిండలేదు అని చెప్తే ఇది నమ్మలేదు, వెతికి చూసింది. సినిమా వచ్చింది 1983 జూన్ 3న. ఆయన పుట్టింది 1954 నవంబరులో.

చిన్నోడు మధ్యలో వచ్చి కూర్చున్నాడు, ఆ ఫొటోలు తీసే పిల్లాడి కోసం. బాలు ఎంతో అందంగా భంగిమ పెట్టి నిలబడతాడు, వాడేమో అది అయిపోయాకో, మొదలవక ముందో క్లిక్కుమనిపిస్తాడు. మావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వాక ఒక ప్రశ్న వేశాడు. "అబ్బాయిలు కూడా వెళ్తారా క్లాస్‌కి?" వాళ్ళక్క క్లాసులో పదకొండు మంది, అందరూ ఆడపిల్లలే. అసలు కృష్ణా జిల్లాలో ఆ కూచిపూడి అనే ఊళ్ళో తరాల తరబడి ఆడింది మగవాళ్ళేరా, సత్యభామ వేషం కూడా వాళ్ళే కట్టేవారు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారని ఒకాయన సత్యభామగా వస్తే ఆడవాళ్ళే కన్నార్పకుండా చూసేవారట అని చెప్పాను. వాడు "కూల్" అని పాప్‌కార్న్ కోసం లేచి వెళ్ళిపోయాడు. నేను క్లాసు పీకబోతే మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే జరుగుతుంది.

ఇక నా సీను వచ్చింది. చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. బాలు నాట్యాన్ని మెచ్చి ప్రోత్సహించే మాధవి ఒక ఆహ్వాన పుస్తకం తెచ్చి బాలు చేతిలో పెడుతుంది, అఖిల భారత నృత్యోత్సవానిది. ఎవరెవరు ఆడబోతున్నారో చూద్దామని పేజీలు తిప్పుతుంటాడు. పెద్దపెద్ద వాళ్ళ ఫొటోలు. ఒక్కొక్కటీ చూసి పొంగిపోతుంటాడు, ఆ ఉత్సవం కళ్ళారా చూసే అవకాశం వచ్చిందన్నట్టు. ఇంకో పేజీ తిప్పుతాడు. అక్కడ తన ఫొటో ఉంటుంది.

ఈ సీను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ పేజీ తిరగబోయే ముందే గొంతు పట్టేస్తుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. ఇంటర్ అయ్యాక నాకు విజయవాడ రేడియో స్టేషన్ నుంచి ఒక కార్డు వచ్చింది, యువతీయువకుల కార్యక్రమం యువవాణిలో పాడటానికి. కార్డు మీద నా పేరు టైపు చేసి ఉంది. మా నాన్న దాన్ని అలమర అద్దం సందులో గుచ్చి, వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. నేను వెళ్ళలేదు. జ్వరమో, ఎంసెట్ కోచింగ్ పరీక్షో సరిగ్గా గుర్తులేదు కానీ వెళ్ళలేదన్నది మాత్రం గుర్తుంది. బాలు కూడా ఆ వేదిక ఎక్కలేదు కదా, తల్లి పోయింది.

నేను ముక్కు తుడుచుకుంటుంటే పెద్దది టీవీ మానేసి నన్ను చూస్తోంది. "అమ్మా, ఆర్ యూ ఓకే?" దాని కళ్ళు పొడిగా ఉన్నాయి. దానికి ఫ్లయర్ మీద ఫొటో అంటే ఏడాదికి రెండు సార్లు, డబ్బులిచ్చి, మూడు గంటలు మేకప్ వేయించుకుని, "చిన్ అప్" అనిపించుకుంటూ తీయించుకునేది. అందులో ఏడవటానికేముంది?

ఆ తర్వాత గొడవే. బాలుకి మాధవి అంటే ఇష్టం, మాధవికీ బాలు అంటే ఇష్టమే. కానీ ఆమెకు పెళ్ళయింది, భర్తకి దూరంగా ఉంటోంది. ఆ భర్త తిరిగొచ్చి, వీళ్ళిద్దరి సంగతి తెలిసి, తానే కలపాలనుకుంటాడు. బాలు ఒప్పుకోడు. ఆమెను భర్తతో పంపించేస్తాడు. ఇది లేచి నిలబడింది. "హస్బెండే ఓకే అన్నాడు కదా! ఆవిణ్ణి ఎవరూ అడగరేంటి?" పెళ్ళి అనే దానికి ఆ రోజుల్లో ఉన్న విలువ అదీ అని మొదలుపెట్టాను. నా మాట నాకే పేలవంగా వినిపించింది. పద్ధెనిమిదేళ్ళప్పుడు తెనాలిలో చూసినప్పుడు ఆ త్యాగానికి చప్పట్లు కొట్టాను. ఇప్పుడు నలభై దాటాక, ఈ దేశంలో, ఈ పిల్ల పక్కన కూర్చుని చూస్తుంటే అది అడిగింది సబబే అనిపించింది. అదే మాట దానితో అన్నాను. అమ్మ ఒప్పుకుందని అది ఆశ్చర్యపోయి మళ్ళీ కూర్చుంది.

అందుకే నాకు వానసీను గురించి టెన్షన్. బావి గట్టు మీద తాగి గంతులేస్తున్న బాలు, పైన వాన, వెనక "తకిట తదిమి". అప్పటికి మాధవి భర్త పోయాడు. బాలుకి ఆ సంగతి తెలియదు, తెలిస్తే తట్టుకోలేడని ఆమె బొట్టుతోనే కనిపిస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత ఎదురుపడితే, ఆ వానకి ఆమె నుదుటి మీద కుంకుమ కరిగిపోతుంటే, చెయ్యి అడ్డం పెడతాడు. అంతే. ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఇళయరాజా గారికి ఈ సినిమా సంగీతానికి జాతీయ అవార్డు వచ్చింది, బాలసుబ్రహ్మణ్యం గారికి "వేదం అణువణువున" పాటకి వచ్చింది. అవి రావాల్సినవే. కానీ నన్నడిగితే ఆ అరచేతికి కూడా ఏదైనా ఇవ్వాల్సింది.

ఇదంతా అమెరికాలో పుట్టిన పిల్లకి సబ్‌టైటిల్స్‌తో ఏం అర్థమవుతుంది? కుంకుమ అంటే ఏమిటి, మొగుడు పోతే ఎందుకు తీసేస్తారు, తీసెయ్యాలా, తీసెయ్యకపోతే ఎవరేమంటారు... రిమోట్ అందుకుని ఆపాను. "చూడమ్మా, మనలో ఏంటంటే..."

"పాజ్ చెయ్యకమ్మా. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అమ్మమ్మ."

నేను మర్చిపోయాను. అది మర్చిపోలేదు. మా నాన్న 2015లో పోయాడు. బొట్టు తీయొద్దు అని నేనూ, తమ్ముడూ, చివరికి మా మేనత్త కూడా చెప్పాం. ఎవరూ బలవంతపెట్టలేదు. పదో రోజు పొద్దున అమ్మే స్నానం చేసి వచ్చి, ఖాళీ నుదుటితో కాఫీ కలపటానికి కూర్చుంది. మేం ఇక్కడికి తిరిగొచ్చిన వారానికి స్కైప్‌లో మాట్లాడుతున్నాం. ఇది ఆరేళ్ళది, అప్పుడే డాన్స్ క్లాసులో చేర్చాం. అమ్మను చూసి, "అమ్మమ్మా, నువ్వు బొట్టు మర్చిపోయావ్! ఉండు, ఉండు" అని పరుగెత్తుకెళ్ళి డాన్స్ డబ్బాలోంచి ఎర్ర స్టిక్కర్ ఒకటి తెచ్చి లాప్‌టాప్ తెర మీద సరిగ్గా అమ్మ నుదుటి దగ్గర అంటించింది. అమ్మ కదిలితే ఆ బొట్టు ఒకసారి చెంప మీదికి, ఒకసారి వెనక గోడ మీది క్యాలెండర్ మీదికి పోయింది. ఇది నవ్వుతూ "కదలకు అమ్మమ్మా" అంటోంది. అమ్మ కదలకుండా కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. నేను ఆ స్టిక్కర్ పీకలేక, అలాగే వదిలెయ్యలేక, రెండు మూడు రోజులు దాని చుట్టూ ఎక్సెల్ షీట్లు చేసుకున్నాను.

ప్లే నొక్కాను. వాన పడుతోంది, బాలు చెయ్యి అడ్డంగా ఉంది. పక్కన పెద్దది దుప్పటి మొహం దాకా లాక్కుంది. దుప్పటి లోపల్నుంచి, "నాకప్పుడు తెలీదు కదా, తెలిస్తే అంటించేదాన్ని కాదు" అంది. అంటించినా ఫర్వాలేదే అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు.

తల్లి మాధవికీ బాలుకీ మధ్య ఏదో ఉందని శైలజ అపార్థం చేసుకుని మండిపడే చోట ఇది శైలజ పక్షాన మాట్లాడింది. "నాకూ కోపం వచ్చేది. ఎవరూ ఏదీ చెప్పరు, పిల్లలే అన్నీ కనుక్కోవాలి." చివర్లో శైలజ ఆడుతుండగానే బాలు ప్రాణం పోవటం, స్నేహితుడు రఘు మోసుకెళ్ళటం, మాధవి పైన గొడుగు పట్టటం, ఇవన్నీ దానికి కాస్త ఎక్కువనిపించాయి. నాకూ అక్కడ ఎప్పుడూ పెద్దగా కళ్ళు తడవవు. అప్పటికే ఏడ్చేసి ఉంటాం కదా.

మర్నాడు కూడా బళ్ళు లేవు. పొద్దున్నే ఇదే అమ్మకి వాట్సాప్‌లో వీడియో చేసింది. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అమ్మ మజ్జిగన్నం తింటోంది. రాత్రి ఏ సినిమా చూశామో చెప్పింది. బొట్టు సంగతి ఎత్తుతుందేమోనని నా గుండె దడదడలాడింది. ఎత్తలేదు. "నువ్వు ఎక్కడ ఏడ్చావు అమ్మమ్మా?" అని మాత్రం అడిగింది.

అమ్మ ముద్ద ఆపి ఆలోచించింది. తెనాలిలో రిలీజైన వారంలోనే చూశాం, మీ తాత పక్కన, మీ అమ్మ ఒళ్ళో, ఇంటర్వెల్లో సోడా కావాలని ఒకటే ఏడుపు అంది. ఆ తర్వాత, "ఆ తల్లి దగ్గర. వంటలకి పోతుంది చూడు, పెళ్ళిళ్ళకి. ఈ పిల్లాడు వెనకాలే పోయి, అక్కడ ఎవరూ లేనప్పుడు ఆడుకుంటాడు. నేను అక్కడే ఏడ్చాను. మీ తాత, ఇంకా కథే మొదలవలేదు అప్పుడే ఏంటే అన్నాడు."

"ఎందుకు అక్కడ?"

"మా అమ్మ కూడా పోయేది కదా. వంటలకి కాదులే. పెళ్ళిళ్ళు కుదిరితే పెద్దిళ్ళలో అప్పడాలు ఒత్తటానికి పిలిచేవాళ్ళు. నన్నూ తీసుకెళ్ళేది. ఆరబెట్టిన చోట కాకులు రాకుండా చూడటం నా పని."

నలభై నాలుగేళ్ళలో ఈ మాట నేను వినలేదు. మా అమ్మమ్మ అంటే మాకు ఎప్పుడూ నేత చీర, పక్కన తమలపాకుల పళ్ళెం. ఫోన్ దాని చేతిలోంచి లాక్కుందామనుకున్నాను. అది మోచేత్తో నన్ను పక్కకి నెట్టి ఇంకో ప్రశ్న వేసింది.

"ఎంత ఇచ్చేవాళ్ళు అమ్మమ్మా? హండ్రెడ్ అప్పడాలకి?"

"డబ్బులా? ఏమో, గుర్తులేదు నాన్నా. ఒకసారి పాత చీర ఇచ్చారు. నీలం రంగుది, అంచు బావుండేది. దాన్ని చింపి నాకు పరికిణీ కుట్టించింది. అది వేసుకుని బడికెళ్తే ఆ ఇంటి పిల్లే గుర్తుపట్టింది."

"అప్పుడేం చేశావు?"

"ఏం చేస్తాను, అంచు లోపలికి మడిచి కుట్టేసుకున్నాను" అంది అమ్మ, మజ్జిగన్నం మళ్ళీ కలుపుకుంటూ.